ఆముదం ప్లాస్టిక్‌తో సగం ధరకే సోలార్ ప్యానెళ్లు వస్తాయా?

“ఆముదం గింజలు, చెరకుతో చేసిన ప్లాస్టిక్‌తో సోలార్ ప్యానెళ్లు వచ్చేస్తున్నాయి. ఇక సిలికాన్ అక్కర్లేదు. ధర సగానికి సగం. ఎండకూ వానకూ చెక్కుచెదరవు, పాతబడ్డాక మట్టిలో కలిసిపోతాయి. ప్యానెళ్లు ఇంత ఖరీదు కావడానికి కారణం పెట్రోలు ప్లాస్టికే, ఆ పీడ వదిలిపోతుంది. మన చిత్తూరు చెరకు రైతుకు మంచి రోజులు. కాబట్టి ఇప్పుడు ఎవరూ సోలార్ పెట్టించుకోకండి, ఒక్క ఏడాది ఆగండి. పదిమందికీ పంపండి.”

తిరుపతి, చిత్తూరు వాట్సాప్ గ్రూపుల్లో ఈ సందేశం తెగ తిరుగుతోంది. అపార్ట్‌మెంట్ సంఘాల వాళ్లూ పంపుతున్నారు, రైతులూ పంపుతున్నారు, చదువుకున్న ఉపాధ్యాయులూ పంపుతున్నారు. పాలిటెక్నిక్ విద్యార్థులకు విద్యుత్ పాఠాలు చెప్పేవాడిని కాబట్టి నన్ను అడిగేవాళ్లు ఎక్కువ. అడిగి ఊరుకుంటే ఇంత రాయాల్సిన పని ఉండేది కాదు. మా వీధిలో కిరాణా కొట్టు నడిపే పెద్దాయన బ్యాంకు రుణం మంజూరయ్యాక కూడా మిద్దె మీద పని ఆపించేశారు. “ఏడాది ఆగితే సగానికే వస్తుందట కదా సార్, తొందరెందుకు?” అన్నారు. ఆయనకు నెలనెలా వచ్చే కరెంటు బిల్లు నాకు తెలుసు. ఒక అబద్ధం కష్టజీవి జేబులోంచి డబ్బు తీస్తుంటే చూస్తూ కూర్చోలేను. అందుకే ఒక్కో మాటనూ విడిగా తీసుకుని జవాబు చెబుతున్నాను.

ముందుగా ఒక సంగతి ఒప్పుకోవాలి. ఈ కథకు మూలం లేకపోలేదు. 2006లో అమెరికాలోని కాలిఫోర్నియాలో బయోసోలార్ అనే చిన్న కంపెనీ మొదలైంది. సోలార్ ప్యానెల్ వెనుక అంటించే ప్లాస్టిక్ పొరను పెట్రోలియంతో కాకుండా పత్తి, ఆముదం వంటి మొక్కల సరుకుతో తక్కువ ఖర్చులో చేస్తామని ఆ కంపెనీ చెప్పింది. అప్పట్లో అది తెలివైన ఆలోచనే. ఆ రోజుల్లో వెనుక పొరకు ఎక్కువగా వాడిన ఫ్లోరిన్ ప్లాస్టిక్ ఖరీదైనది, పైగా దొరకడం కష్టం. కానీ ఆ కంపెనీ ప్రధానంగా చెప్పింది వెనుక పొర గురించే. ప్యానెల్ మొత్తం మొక్కలతో చేయడం గురించి కాదు. తర్వాత ఆ కంపెనీ బ్యాటరీ పదార్థాల వైపు మళ్లింది, 2021లో న్యూహైడ్రోజన్ అని పేరు మార్చుకుని హైడ్రోజన్ పరిశోధనలోకి వెళ్లిపోయింది. అంటే ఈ ఊహను అప్పట్లో భుజాన వేసుకున్నవాళ్లే దాన్ని దించేసి చాలా కాలమైంది. పాత వార్తలోని ఒక ముక్కను ఎవరో పట్టుకుని, దానికి చెరకునూ చిత్తూరునూ తగిలించి మన మీదికి వదిలారు.

“ఇక సిలికాన్ అక్కర్లేదు”

ఎవరి మిద్దె మీదైనా ప్యానెల్ ఉంటే ఒకసారి వంగి దాని అడుగు భాగం చూడండి. పైనుంచి చూస్తే నల్లగా నిగనిగలాడే పలక, కిందనుంచి చూస్తే తెల్లటి రేకులా కనిపిస్తుంది. చేత్తో తడితే గట్టి కాగితంలా ఉంటుంది. దాన్నే బ్యాక్‌షీట్ అంటారు. మందం మిల్లీమీటరులో మూడో వంతు. అది కరెంటు తయారుచేయదు. లోపలి భాగాలకు తేమ తగలకుండా, మనకు షాకు కొట్టకుండా కాపలా కాస్తుంది, అంతే.

దాని పైన ఒకదాని మీద ఒకటిగా ఉండేవి ఇవి: మొదట ఈవీఏ అనే పారదర్శకమైన జిగురు పొర, దాని మీద సిలికాన్ ఘటాలు, మళ్లీ ఈవీఏ, అన్నిటి పైన 3.2 మిల్లీమీటర్ల గట్టిపరచిన గాజు. చుట్టూ అల్యూమినియం చట్రం, వెనుక తీగలు బయటికి వచ్చే చిన్న నల్ల పెట్టె. ఈ మొత్తాన్నీ యంత్రంలో పెట్టి 150 డిగ్రీలకు అటూ ఇటూగా వేడి చేసి, గాలి లాగేసి, ఒకే పలకగా అతికిస్తారు. సూర్యరశ్మిని కరెంటుగా మార్చేది మధ్యలో ఉన్న సిలికాన్ ఒక్కటే. బ్యాక్‌షీట్‌ను ఆముదంతో చేసినా, నీళ్ల సీసాలకు వాడే పీఈటీ ప్లాస్టిక్తో చేసినా, బంగారు రేకుతో చేసినా సిలికాన్ అవసరం ఆవగింజంత కూడా తగ్గదు.

కరెంటు పుట్టించే ప్లాస్టిక్ కూడా ఉంది, దాన్ని సేంద్రియ సౌర ఘటం అంటారు. ప్రయోగశాలల్లో దాని సామర్థ్యం బాగా పెరిగింది కూడా. కానీ ఆ పదార్థాలు రసాయన శాస్త్రవేత్తలు పరమాణువు పరమాణువూ పేర్చి చేసే ప్రత్యేకమైన పాలిమర్లు. వాటికీ ఆముదం చెట్టుకూ సంబంధం లేదు. పాతికేళ్లు ఎండలో నిలబడే శక్తి వాటికి ఇంకా రాలేదు. ఈ రెంటినీ కలిపేయడంతోనే సందేశంలో మొదటి అబద్ధం పుట్టింది.

“ధర సగానికి సగం”

జనం నమ్మింది ఈ మాటనే కాబట్టి దీని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుదాం.

ప్యానెల్ బరువులో దాదాపు నాలుగింట మూడు వంతులు గాజు. అన్ని రకాల ప్లాస్టిక్‌లూ కలిపి పది శాతం దగ్గర ఉంటాయి. ఇరవై కిలోల పైబడిన ప్యానెల్‌లో బ్యాక్‌షీట్ బరువు ఒక కిలో. ఇక ఖర్చు లెక్కకొస్తే పెద్ద వాటా సిలికాన్ ఘటాలదే. తర్వాత గాజు, అల్యూమినియం చట్రం. బ్యాక్‌షీట్ వాటా ప్యానెల్ తయారీ ఖర్చులో నూటికి అయిదు రూపాయల ప్రాంతం. పైగా మిద్దె మీద సోలార్ అంటే ప్యానెళ్లు ఒక్కటే కాదు కదా. ఇన్వర్టర్, ఇనుప స్టాండు, కేబుళ్లు, ఎర్తింగ్, మనం లైనుకు పంపిన కరెంటును లెక్కించే నెట్ మీటరు, కూలీ అన్నీ కలిస్తే సగం ఖర్చు అటే పోతుంది.

లెక్క తేలిగ్గా ఉండటానికి 3 కిలోవాట్ల ఏర్పాటుకు 1,80,000 రూపాయలు అయిందనుకుందాం. అందులో ప్యానెళ్ల ఖరీదు 90 వేలు. దానిలో బ్యాక్‌షీట్లకు అయ్యేది 4,500 రూపాయలు. రేపు ఉదయం ఎవరో మహానుభావుడు బ్యాక్‌షీట్లను ఉచితంగా పంచిపెట్టినా మీకు మిగిలేది ఆ 4,500 మాత్రమే. సగం ధర అంటే 90 వేలు మిగలాలి. ఆ 90 వేలు ఎక్కడి నుంచి వస్తాయో సందేశం రాసినవారు చెప్పలేదు, చెప్పలేరు కూడా.

నిజానికి మొక్కల ప్లాస్టిక్ ఉచితంగా రావడం మాట అటుంచి, చౌకగా కూడా రాదు. ఆముదం నుంచి వచ్చే ప్లాస్టిక్ పేరు పాలిఅమైడ్ 11, నైలాన్ కుటుంబానికి చెందినది. ఇదేమీ కొత్త ఆవిష్కరణ కాదు, 1940లలోనే ఫ్రాన్స్‌లో కనిపెట్టారు. ఆముదం నూనెను రసాయన చర్యల వరుసలో ఒక్కో మెట్టు దాటించి దాన్ని తయారుచేస్తారు. చాలా నాణ్యమైనది, అందుకే కార్ల ఇంధన గొట్టాలు, లారీల బ్రేకు గొట్టాలు, వైద్య పరికరాల్లో వాడతారు. ఆ నాణ్యతకు తగ్గ ధరా ఉంటుంది. బ్యాక్‌షీట్లలో ఇప్పుడు ఎక్కువగా వాడే పీఈటీ కన్నా అది ఎన్నో రెట్లు ఖరీదు. చెరకు, మొక్కజొన్నల చక్కెరలతో చేసే పీఎల్ఏ దానికన్నా చౌకే కానీ, పీఈటీ ధరకు అదీ దిగిరాలేదు.

ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. ఇప్పుడు మార్కెట్‌లో వేగంగా పెరుగుతున్నవి ముందూ వెనుకా రెండువైపులా గాజు ఉన్న ప్యానెళ్లు. వెనుక నుంచి పడే వెలుతురును కూడా అవి పట్టుకుంటాయి. సున్నం కొట్టిన తెల్లటి మిద్దె మీద ఎత్తుగా నిలబెడితే ఆ లాభం కంటికి కనిపిస్తుంది. వాటిలో బ్యాక్‌షీట్ అనేదే లేదు. ఏ భాగం వల్ల ధర సగానికి పడిపోతుందని చెబుతున్నారో, ఆ భాగమే చాలా ప్యానెళ్లలోంచి మాయమైపోయింది.

మరి ప్యానెళ్ల ధర నిజంగా ఎలా తగ్గింది? 2008లో శుద్ధి చేసిన సిలికాన్ కొరత వచ్చి కిలో 400 డాలర్లు దాటింది. అప్పుడు ప్యానెల్ ధర వాట్‌కు నాలుగు డాలర్ల దగ్గర ఉండేది. తర్వాత చైనాలో భారీ కర్మాగారాలు వచ్చాయి. సిలికాన్ దిమ్మెలను వజ్రపు పొడి అద్దిన తీగలతో సన్నగా కోయడం నేర్చుకున్నారు, కోతలో పొడిగా పోయే వృథా తగ్గింది. అలా కోసిన సిలికాన్ బిళ్లల మందం తగ్గింది, ఒక్కో ఘటం ఇచ్చే కరెంటు పెరిగింది. 2024 నాటికి అంతర్జాతీయ మార్కెట్‌లో వాట్ ధర పది సెంట్ల దగ్గరికి వచ్చింది. నలభై వంతుల్లో ఒక వంతు! ఈ ప్రయాణంలో వెనుక పొర వహించిన పాత్ర నామమాత్రం. సోలార్ చౌకయిన కథ సిలికాన్ కథ. దాని వెనుక వేలాది ఇంజనీర్ల పదిహేనేళ్ల కష్టం ఉంది. దాన్ని ఆముదం గింజకు కట్టబెట్టడం వాళ్లకు అన్యాయం చేయడమే.

పోల్చి చూడటానికి ఒక్క ఉదాహరణ. 2025 సెప్టెంబరు 22 నుంచి సోలార్ ప్యానెళ్ల మీద జీఎస్టీని 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు. ఆ ఒక్క నిర్ణయంతో కొనేవాడికి మిగిలింది, బ్యాక్‌షీట్ మొత్తం ఖరీదు కన్నా ఎక్కువే. దాని గురించి మాత్రం ఏ గ్రూపులోనూ ఇంత సందడి కనిపించలేదు.

“ఎండకూ వానకూ చెక్కుచెదరవు, పాతబడ్డాక మట్టిలో కలిసిపోతాయి”

ఈ వాక్యం తనను తానే ఖండించుకుంటోంది. మట్టిలో ఎందుకు కలుస్తుంది? వేడి, తేమ, సూక్ష్మజీవులు దాని అణువుల గొలుసులను తెంచుతాయి కాబట్టి. మన మిద్దె మీద వేడి, తేమ రెండూ పుష్కలం. అక్కడ పాతికేళ్లు తెగని గొలుసు, కిందికి దించి మట్టిలో వేయగానే ఎందుకు తెగుతుంది?

తిరుమల వెళ్లినవాళ్లకు ఈ తేడా తేలిగ్గా అర్థమవుతుంది. కొండ మీద ప్లాస్టిక్ సంచులు వద్దనుకున్నాక, 2021 ఆగస్టులో లడ్డూ కౌంటర్ దగ్గర రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ తయారుచేసిన మొక్కజొన్న పిండి సంచులను అమ్మకానికి పెట్టారు. 90 రోజుల్లో కరిగిపోయేలా వాటిని రూపొందించారు. చాలా మంచి పని, నాకు గర్వంగా అనిపించిన పని. లడ్డూ సంచి పని గంటల్లో ముగుస్తుంది, ఆ తర్వాత అది ఎంత త్వరగా కరిగిపోతే అడవికీ పశువులకూ అంత మేలు. ప్యానెల్ వెనుక పొర పాతికేళ్లు కరగకుండా ఉండటమే దాని పని.

అంకెల్లోనే చూద్దాం. ప్యానెళ్ల వేడిని కొలిచే ప్రామాణిక పరిస్థితి ఒకటుంది. చుట్టూ 20 డిగ్రీలు, ఎండ తీవ్రత చదరపు మీటరుకు 800 వాట్లు ఉన్నప్పుడు ప్యానెల్ దాదాపు 45 డిగ్రీలకు చేరుతుంది. అంటే గాలి కన్నా 25 డిగ్రీలు ఎక్కువ. తిరుపతిలో మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీలు కొత్త కాదు, ఎండ తీవ్రత కూడా 800 కన్నా ఎక్కువ. రెండూ కలిపితే ప్యానెల్ వేడి 70 డిగ్రీలు దాటుతుంది. పీఎల్ఏ 55, 60 డిగ్రీల మధ్యే మెత్తబడటం మొదలుపెడుతుంది. మొదటి వేసవిలోనే అది వంకర్లు పోతుంది. అసలు కర్మాగారంలో 150 డిగ్రీల దగ్గర అతికించేటప్పుడే దాని సంగతి తేలిపోతుంది.

వేసవి ముగిశాక తేమ వంతు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు, తుపానులు మన ప్రాంతాన్ని నానబెడతాయి. 2021 నవంబరు వరదలను తిరుపతి ఇంకా మరచిపోలేదు. వేడిలో తేమ తగిలితే పీఎల్ఏ గొలుసులు ముక్కలు ముక్కలవుతాయి. అందుకే ఐఈసీ 61215 అనే అంతర్జాతీయ ప్రమాణంలో ఒక కఠినమైన పరీక్ష పెట్టారు. 85 డిగ్రీల వేడి, 85 శాతం తేమ ఉన్న గదిలో ప్యానెల్‌ను 1,000 గంటలు ఉంచుతారు. అంటే నలభై రోజుల పైమాటే. దానితోపాటు సున్నాకు దిగువన 40 నుంచి 85 డిగ్రీల దాకా 200 సార్లు చల్లబరిచి వేడెక్కిస్తారు. కొత్త పొర ఏదైనా ఈ పరీక్షల గుండా వెళ్లి రావాలి.

మరి ఆముదం నైలాన్ సంగతి? అది పీఎల్ఏలా మెత్తబడదు, నిజమే. మొక్కల నుంచి వచ్చినా అది మట్టిలో కలిసే రకం మాత్రం కాదు. పుట్టుక మొక్కలోదైతే చివరికి మట్టిలో కలుస్తుందనుకోవడం పెద్ద అపోహ. ప్లాస్టిక్ కరగడం, కరగకపోవడం దాని అణువుల కూర్పును బట్టి ఉంటుంది, ఏ చెట్టు నుంచి వచ్చిందన్న దాన్ని బట్టి కాదు. పెట్రోలియం నుంచి తీసినా మట్టిలో కరిగే ప్లాస్టిక్‌లూ ఉన్నాయి.

ఇక్కడ సోలార్ పరిశ్రమ ఎదుర్కొన్న ఒక చేదు అనుభవం చెప్పాలి. 2010 తర్వాతి తొలి ఏళ్లలో కొన్ని కంపెనీల ప్యానెళ్లకు పాలిఅమైడ్ బ్యాక్‌షీట్లు వాడారు. అది ఆముదం నుంచి తీసింది కాదు, దాని దగ్గరి బంధువు. పరీక్షల్లో నెగ్గింది, ధరలోనూ మేలనిపించింది. నాలుగైదేళ్లు తిరిగేసరికి చాలా దేశాల్లో ఆ ప్యానెళ్ల వెనుక పగుళ్లు బయటపడ్డాయి. ఘటానికీ ఘటానికీ మధ్య ఖాళీల వెంట, తీగ పట్టీలు ఎత్తుగా ఉన్న చోట్ల నిలువునా చీలికలు. అతినీలలోహిత కిరణాలు, పగటి వేడి, రాత్రి చలి, ఈవీఏ నుంచి కొద్దికొద్దిగా వెలువడే ఎసిటిక్ ఆమ్లం, అన్నీ కలిసి ఆ పొరను పెళుసుగా మార్చేశాయి. గదిలో ఒక్కొక్కటిగా పెట్టిన పరీక్షలో బయటపడనిది, ఆకాశం కింద అన్నీ ఒకేసారి తగిలినప్పుడు బయటపడింది.

అలా పొర పాడైతే ఏమవుతుందో పాకాల వైపు ఒక రైతు పొలంలో దగ్గరగా చూశాను. బోరు మోటారుకు పెట్టిన పాత ప్యానెళ్లు. ఉదయం పూట మంచు పడితే ఇన్వర్టర్ ఎర్రదీపం చూపించి ఆగిపోతుంది, పది గంటలకు ఎండెక్కాక తనంతట తానే పనిచేస్తుంది. రైతు మోటారును అనుమానించి రెండుసార్లు విప్పించాడు. నేను ప్యానెల్ కిందకు దూరి వెనుక పొర మీద వేలితో రాస్తే వేలికి సుద్దపొడిలా తెల్లగా అంటింది. టార్చి వేసి చూస్తే ఘటాల నడుమ వెంట్రుకంత చీలికలు. ఆ చీలికల్లోకి మంచు నీరు దిగినప్పుడు కరెంటు చట్రంలోకి కారుతోంది. ఇన్వర్టర్ దాన్ని పసిగట్టి ప్రమాదం జరగకుండా ఆపేస్తోంది. తడి చేత్తో ఆ చట్రాన్ని పట్టుకుంటే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. వెనుక పొర విషయంలో తొందరపాటు పనికిరాదని నేను గట్టిగా చెప్పడానికి కారణం ఇదే. ప్యానెల్‌లో తక్కువ ఖరీదు చేసే భాగమే, కానీ ప్రాణాలకు కాపలా అదే.

“ఖరీదు కావడానికి కారణం పెట్రోలు ప్లాస్టికే”

దీనికి రెండు మాటలు చాలు. ఒక కిలో బ్యాక్‌షీట్, మరో కిలో, కిలోన్నర ఈవీఏ. ముడి చమురు ధర రెట్టింపైనా ప్యానెల్ ధరలో వచ్చే తేడా స్వల్పం. గత పదిహేనేళ్లలో చమురు ధర ఎన్నోసార్లు లేచింది, పడింది, ప్యానెల్ ధర మాత్రం మొత్తం మీద దిగుతూనే వచ్చింది.

పర్యావరణం మీద నిజమైన శ్రద్ధ ఉన్నవాళ్లు ఈ దిశలో అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. బ్రెజిల్‌లో 2010 నుంచి చెరకు ఎథనాల్‌తో పాలిథిలీన్‌ను పెద్దయెత్తున చేస్తున్నారు. 2018లో అదే దారిలో చెరకు ఈవీఏ కూడా వచ్చింది, మొదట చెప్పుల అడుగులకు వాడారు. పెట్రోలియం ఈవీఏకూ దీనికీ అణువులో తేడా ఏమీ లేదు. కాబట్టి ఎండకు ఆగడంలోనూ తేడా ఉండదు, గాలిలో చేరే కార్బన్ మాత్రం తగ్గుతుంది. ప్యానెల్ తయారీలో మొక్కల ప్లాస్టిక్‌కు గౌరవమైన చోటు దొరికితే ఇలాంటి దారిలోనే దొరుకుతుంది. అయితే దాని కోసం కాస్త ఎక్కువ ధర చెల్లించాల్సి వస్తుంది. చౌక అని చెప్పి అమ్మేది కాదది.

పాత ప్యానెళ్ల చెత్త సంగతి కూడా అలాగే చూడాలి. మన దేశంలో 2023 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిబంధనల్లో సోలార్ ప్యానెళ్లను చేర్చారు. గాజు, అల్యూమినియం, రాగి, వెండి, సిలికాన్ వెనక్కి తీయగలిగినవే. పాతిపెట్టి మట్టిలో కలవనిద్దామనుకుంటే ఇవన్నీ పోగొట్టుకున్నట్టే.

“మన చిత్తూరు చెరకు రైతుకు మంచి రోజులు”

సందేశంలో నాకు ఎక్కువ బాధ కలిగించింది ఈ వాక్యం. చక్కెర ఫ్యాక్టరీలు మూతపడి, బకాయిల కోసం ఏళ్లతరబడి తిరిగి, చివరికి బెల్లం గానుగల మీద, మామిడి మీద ఆధారపడ్డ రైతులకు ఇలాంటి ఆశ చూపడం తేలిక. ఆ ఆశకు ఆధారం ఉందా అని లెక్క వేద్దాం.

ఒక ఇంటికి 3 కిలోవాట్ల చొప్పున ఈ రోజుల్లో ఆరు ప్యానెళ్లు సరిపోతాయి. ఒక్కోదాని వైశాల్యం రెండున్నర చదరపు మీటర్లు. వాటన్నిటి వెనుక పొరనూ ఆముదం నైలాన్‌తో చేసినా కావాల్సింది ఇంటికి ఐదు కిలోలు, అదీ పాతికేళ్లకు ఒకసారి. కోటి ఇళ్లకు పెట్టినా 50 వేల టన్నులు, అదీ ఎన్నో ఏళ్ల మీద. ఒక రసాయన కర్మాగారానికి అది పనే, కానీ జిల్లా రైతాంగం తలరాత మార్చే గిరాకీ కాదు. పైగా అది ఆముదం లెక్క, అందులో చెరకు ఊసే లేదు. చెరకు నుంచి వచ్చే పీఎల్ఏ ప్యానెల్‌కు పనికిరాదని పైన చూశాం.

ఆముదం విషయానికి వస్తే, ప్రపంచంలో అత్యధికంగా పండించేది భారతదేశమే, దేశంలో సింహభాగం గుజరాత్‌ది. మన నూనెలో ఎక్కువ భాగం విదేశాలకు పోతుంది, దాన్ని నైలాన్‌గా మార్చి అసలు లాభం సంపాదించేది అక్కడి కర్మాగారాలు. ఆముదం మెట్ట పంట, చెరకులా బోర్లు ఎండబెట్టదు. నీళ్లు తక్కువైన మన మండలాలకు అది పనికొచ్చే పంటే. రైతుకు మేలు చేయాలనుకునేవాళ్లు నూనె నుంచి విలువైన రసాయనాలు తీసే పరిశ్రమ ఇక్కడికి రావాలని అడగాలి. అది న్యాయమైన కోరిక. సోలార్ ప్యానెల్ పేరు చెప్పి భ్రమ కల్పించడం కాదు.

“ఇప్పుడు పెట్టించుకోకండి, ఏడాది ఆగండి”

ఆగితే ఏమవుతుందో కిరాణా కొట్టు పెద్దాయనకు కాగితం మీద వేసి చూపించాను, ఇక్కడా వేస్తాను. మన విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కం) ప్రధాన కార్యాలయం ఉన్నది తిరుపతిలోనే, శ్లాబుల ధరలు అక్కడ అడిగినా చెబుతారు. ఇటీవలి ఏళ్లలో అమల్లో ఉన్న గృహ వినియోగ ధరల ప్రకారం, మొదటి 30 యూనిట్లకు 1.90, తర్వాత 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, ఆ పైన 400 దాకా 8.75. నెలకు 300 యూనిట్లు వాడే ఇంటికి ఈ లెక్కన 1,673 రూపాయలు. స్థిర చార్జీలు, సర్దుబాటు చార్జీలు దీనికి అదనం. ఏడాదికి 20 వేలు. మన ఎండకు 3 కిలోవాట్ల ప్యానెళ్లు నెలకు 300 యూనిట్లకు పైగానే ఇస్తాయి. బ్యాక్‌షీట్ ఉచితంగా వస్తే మిగిలే 4,500 కోసం ఏడాదికి 20 వేలు వదులుకోమంటోంది ఈ సందేశం.

సబ్సిడీ సంగతి ఇంకా ముఖ్యం. 2024 ఫిబ్రవరిలో మొదలైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకంలో మొదటి రెండు కిలోవాట్లకు 30 వేల చొప్పున, మూడో కిలోవాట్‌కు 18 వేలు, మొత్తం 78 వేల రూపాయల దాకా కేంద్రం ఇస్తుంది. ఈ పథకాన్ని 2026-27 ఆర్థిక సంవత్సరం వరకు అమలు చేయాలని నిర్ణయించారు. పైన అనుకున్న లెక్కలో ప్యానెళ్ల ఖరీదు 90 వేలైతే, అందులో చాలా భాగం ఈ సబ్సిడీతోనే వచ్చేస్తోంది. సగం ధర కోసం ఎదురుచూస్తున్నవారికి సగం ధరకు దగ్గరి అవకాశం ఇప్పుడే చేతిలో ఉంది. గడువు ఉన్నది దానికే. ఆముదం ప్యానెల్‌కు తేదీ లేదు, తయారీదారు లేడు, ధర పట్టిక లేదు.

ఆగమని చెప్పను కానీ, చూసి కొనమని మాత్రం చెబుతాను. ప్యానెల్ రెండువైపులా గాజుదా, బ్యాక్‌షీట్ ఉన్నదా అని అడగండి. బ్యాక్‌షీట్ అయితే ఏ పదార్థంతో చేశారో సాంకేతిక వివరాల పత్రంలో రాసి ఉంటుంది, ఆ పత్రం ఇవ్వమనండి. మోడల్ పేరు కేంద్ర ప్రభుత్వం ఆమోదించిన జాబితాలో ఉందా, సబ్సిడీకి అవసరమైన దేశీయ ఘటాలతో చేసిందా అన్నది పనివాళ్లు మిద్దె ఎక్కకముందే తేల్చుకోండి. పాతికేళ్ల హామీ అని నోటితో చెప్పేది సాధారణంగా కరెంటు ఉత్పత్తికి సంబంధించింది. పొర చీలడం, తేమ దిగడం వంటి తయారీ లోపాలకు ఇచ్చే హామీ వేరే ఉంటుంది, అది తక్కువ ఏళ్లే ఉంటుంది. రెండూ కాగితం మీద విడివిడిగా రాయించుకోండి. అమర్చాక ఏడాదికోసారి, వానాకాలం ముగిశాక, ప్యానెల్ వెనుక వైపు టార్చి వేసి చూడండి. రంగు మారినా, పొడి రాలినా, గీతలా చీలినా ఫోటో తీసి, తేదీతో సహా అమర్చినవారికి రాతపూర్వకంగా పంపండి.